బండి కండిషన్ సూపర్.. అయినా టెస్ట్‌లో ఫెయిల్! కాలిఫోర్నియా 'స్మాగ్ చెక్'లో ట్యూనింగ్ కార్లు ఎందుకు ఇరుక్కుంటున్నాయి?

ఇంజిన్ స్మూత్‌గా నడుస్తోంది. డ్యాష్‌బోర్డ్‌పై చెక్ ఇంజిన్ లైట్ లేదు. సైలెన్సర్ నుంచి కంటికి కనిపించే పొగ కూడా లేదు. అయినా టెస్ట్ సెంటర్‌లో రిజల్ట్ మాత్రం.. ఫెయిల్! కారణం ఒక్కటే. కారు కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చింది కాదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో పవర్ కోసం ట్యూనింగ్ చేయించిన కార్ల ఓనర్లకు ఇది బాగా తెలిసిన తలనొప్పి. అక్కడ పొల్యూషన్ టెస్ట్ పాస్ కాకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ అవదు. రిజిస్ట్రేషన్ లేకపోతే బండి రోడ్డెక్కకూడదు.

అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. ట్యూనింగ్ చేయించింది ఒకరు, ఫెయిల్ రిపోర్ట్ చేతికి తీసుకునేది మరొకరు! తెలియక సెకండ్ హ్యాండ్‌లో అలాంటి కారు కొన్నవాళ్లు నిండా మునుగుతున్నారు. బే ఏరియా, లాస్ ఏంజెలెస్‌లో ఉంటూ సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారుపై మనసు పడే తెలుగు స్టూడెంట్లు, టెకీలు కూడా ఈ రూల్స్ తెలుసుకోవాల్సిందే. ఇంతకీ ఆ టెస్ట్‌లో ఏం చూస్తారు? ట్యూనింగ్ కారు పాస్ అయ్యే దారి ఉందా? ఈ రూల్స్ న్యాయమేనా?

అసలేంటీ స్మాగ్ చెక్?

మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగో, కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్ అలాగ. కాకపోతే చాలా స్ట్రిక్ట్. 1984 నుంచి అమల్లో ఉంది. దీన్ని చూసుకునేది ఆ రాష్ట్ర బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్. లైసెన్స్ ఉన్న ప్రైవేట్ స్టేషన్లలో టెస్ట్ చేస్తారు. సెంటర్‌ను బట్టి చార్జీ మారుతుంది. పాస్ అయితే ఇచ్చే సర్టిఫికెట్‌కు రాష్ట్రం తీసుకునే ఫీజు 8.25 డాలర్లు.

1975, అంతకు ముందు మోడల్ పెట్రోల్ కార్లకు ఈ టెస్ట్ లేదు. 1976 తర్వాత మోడల్స్‌కు సాధారణంగా రెండేళ్లకోసారి చేయించాలి. అయితే కొత్త కార్లకు వెసులుబాటు ఉంది. మోడల్ ఇయర్ నుంచి 8 ఏళ్లలోపు పెట్రోల్ కార్లకు ఈ రెండేళ్ల టెస్ట్ ఉండదు. దాని బదులు చిన్న ఫీజు కడితే సరిపోతుంది.

ఇక్కడే ఒక లూప్‌హోల్ కనిపిస్తుంది. కొత్త కారు కొన్న కొద్ది రోజులకే ట్యూనింగ్ చేయించి, ఏళ్ల తరబడి టెస్ట్ ముఖం చూడకుండా తిరగొచ్చు. అసలు పరీక్ష కారు అమ్మేటప్పుడు వస్తుంది. 4 ఏళ్లు దాటిన మోడల్ అయితే ఓనర్ మారేటప్పుడు స్మాగ్ సర్టిఫికెట్ తప్పనిసరి. అప్పుడు బయటపడుతుంది.. బండిలో ఏమేం మార్చారో!

పొగను కొలవరు.. కంప్యూటర్‌ను అడుగుతారు

చాలామంది అనుకునేది ఏంటంటే.. సైలెన్సర్‌లో పైపు పెట్టి పొగను కొలుస్తారు, తక్కువ వస్తే పాస్ అని. 1999, అంతకు ముందు మోడల్ కార్ల విషయంలో ఇది నిజమే. ఎక్కువ జనాభా, పొల్యూషన్ ఉన్న ప్రాంతాల్లో ఆ కార్లను రోలర్ల మీద పరిగెత్తించి మరీ కొలుస్తారు.

2000 మోడల్, ఆ తర్వాత వచ్చిన పెట్రోల్ కార్లకు పద్ధతి వేరు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు కేబుల్ పెట్టి కారు కంప్యూటర్ నుంచి డేటా లాగుతారు. ఇంజిన్, క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సార్లు, పెట్రోల్ ఆవిరి బయటకు పోకుండా పట్టే సిస్టమ్.. ఇవన్నీ సరిగ్గా పని చేస్తున్నాయా లేదా అని ఆ కంప్యూటర్ రోజూ తనను తాను చెక్ చేసుకుంటూనే ఉంటుంది. టెస్ట్ రోజున అది చెప్పేదే కీలకం. దాంతోపాటు టెక్నీషియన్ బానెట్ ఎత్తి, కారు కింద చూసి పార్టులన్నీ ఉన్నాయో లేదో పరిశీలిస్తాడు. కంటికి కనిపించే పొగ వస్తోందా అనేది కూడా చూస్తారు.

సింపుల్‌గా చెప్పాలంటే, ఈ టెస్ట్‌లో సాక్షి కారు కంప్యూటరే. మరి ఆ సాక్షినే మార్చేస్తే?

పర్ఫార్మెన్స్ ట్యూనింగ్‌లో జరిగేది సరిగ్గా అదే. ఇంజిన్‌కు ఎంత పెట్రోల్ వెళ్లాలి, స్పార్క్ ఎప్పుడు పడాలి, టర్బో ఎంత ప్రెషర్ ఇవ్వాలి అనేది సాఫ్ట్‌వేర్ డిసైడ్ చేస్తుంది. దాన్ని తిరగరాస్తే పవర్ పెరుగుతుంది. అదే సాఫ్ట్‌వేర్‌లో ఇంకో రెండు లైన్లు మారిస్తే, క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసినా 'అంతా ఓకే' అని చెప్పించొచ్చు. చెక్ ఇంజిన్ లైట్ వెలగకుండా ఆపేయొచ్చు.

2021 జులై 19.. అప్పటి నుంచే గేమ్ మారింది

ఈ కిటుకును అడ్డుకునేందుకు 2021 జులై 19 నుంచి స్మాగ్ చెక్‌లో కొత్త రూల్ అమల్లోకి వచ్చింది. కారు చెప్పే మాట వినడమే కాదు, చెప్పేది అసలు సాఫ్ట్‌వేరేనా అని కూడా చూస్తున్నారు.

ఎలాగంటే.. ప్రతి సాఫ్ట్‌వేర్‌కు ఒక ఐడీ ఉంటుంది. దాంతోపాటు ఒక వెరిఫికేషన్ నంబర్ కూడా ఉంటుంది. ఆ నంబర్‌ను లోపలి కోడ్ నుంచే లెక్కగడతారు. కోడ్‌లో మార్పు చేస్తే నంబర్ మారిపోతుంది. దీన్ని ఒక రకంగా సాఫ్ట్‌వేర్ వేలిముద్ర అనుకోవచ్చు. కారు కంపెనీ సాఫ్ట్‌వేర్ వేలిముద్రతో, లేదా రాష్ట్రం ఆమోదించిన సాఫ్ట్‌వేర్ వేలిముద్రతో మ్యాచ్ కాకపోతే ఫెయిల్. పార్టులన్నీ ఒరిజినలే ఉన్నా, పొగ క్లీన్‌గా ఉన్నా సరే!

అప్పుడు ఓనర్‌కు మిగిలే దారులు రెండే. ఒకటి, ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించుకోవడం. రెండు, ఆ కారుకు అప్రూవల్ ఉన్న ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ వేయించుకోవడం.

ఏ పార్టు ఓకే? ఏది ఓకే కాదు?

కాలిఫోర్నియాలో మోడిఫికేషన్ మొత్తం బ్యాన్ అనుకుంటే పొరపాటే. అక్కడి వెహికల్ కోడ్ సెక్షన్ 27156 ప్రకారం పొల్యూషన్ కంట్రోల్‌పై ప్రభావం చూపే పార్టులు అమ్మాలన్నా, బిగించాలన్నా కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డ్ మినహాయింపు ఉండాలి. ఈ బోర్డును అక్కడ 'కార్బ్' అంటారు. అది ఇచ్చే అప్రూవల్ పేరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్. కారు ప్రియులు షార్ట్‌కట్‌లో 'ఈవో నంబర్' అంటారు.

ఈవో నంబర్ ఉన్న ఎయిర్ ఇన్‌టేక్, సూపర్‌చార్జర్, టర్బో కిట్ బిగించుకుంటే ఇబ్బంది లేదు. కాకపోతే ఆ నంబర్ ఏ మోడల్‌కు, ఏ ఏడాది కారుకు, ఏ ఇంజిన్‌కు ఇచ్చారో దానికే చెల్లుతుంది. వేరే ఇంజిన్‌కు బిగించి స్టిక్కర్ చూపిస్తే కుదరదు. స్టిక్కర్ ఊడిపోయినా టెక్నీషియన్ అడుగుతాడు కాబట్టి దాన్ని జాగ్రత్తగా కాపాడుకోవాలి.

క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే ఎగ్జాస్ట్ పైపులు, సైలెన్సర్ మార్చుకోవడం స్మాగ్ చెక్‌లో సమస్య కాదు. సౌండ్ లిమిట్ రూల్స్ వేరే ఉన్నాయి, అది పోలీసుల పని.

సమస్య ఎక్కడంటే కన్వర్టర్ దగ్గర. టర్బో కార్లలో పవర్ కోసం ఎక్కువగా చేసే పని, టర్బో తర్వాతి 'డౌన్‌పైప్'ను మార్చడం. చాలా కార్లలో కన్వర్టర్ ఉండేది ఆ పైపులోనే. కన్వర్టర్ లేని పైపు వేస్తే గ్యాస్ ఫ్రీగా బయటకు పోతుంది, పవర్ వస్తుంది. దాంతోపాటే కార్బన్ మోనాక్సైడ్, కాలని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా నేరుగా గాల్లో కలుస్తాయి. టెక్నీషియన్ కంటపడిందా, అక్కడే ఫెయిల్.

ఇంజిన్ మొత్తం మార్చేసిన కార్ల పరిస్థితేంటి? వాటికీ దారి ఉంది. వేసిన ఇంజిన్ కారు మోడల్ ఏడాదిదో, అంతకంటే కొత్తదో అయి ఉండాలి. ఆ ఇంజిన్‌తో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పొల్యూషన్ పరికరాలన్నీ కూడా రావాలి. ఇలాంటి కార్లను మామూలు స్టేషన్‌లో కాకుండా 'స్మాగ్ చెక్ రెఫరీ' చూస్తారు. ఓకే అనుకుంటే కారుకు లేబుల్ అంటిస్తారు.

'కోడ్స్ క్లియర్ చేసుకుని వెళ్దాం'.. కుదరదు బ్రో!

టెస్ట్ ముందు రోజు బ్యాటరీ పీకి పెట్టడం, స్కానర్‌తో కోడ్స్ డిలీట్ చేయడం పాత ట్రిక్. ఇప్పుడు అది రివర్స్ కొడుతుంది. మెమరీ చెరిపేస్తే కారు తనను తాను చెక్ చేసుకున్న రికార్డు కూడా పోతుంది. 2000 తర్వాతి పెట్రోల్ కార్లలో ఒక్క పెట్రోల్ ఆవిరి సిస్టమ్ చెకింగ్ మాత్రమే పెండింగ్ ఉండొచ్చు. మిగతావి పూర్తి కాకపోతే పాస్ చేయరు.

2019 జులై 1 నుంచి ఇంకో చెక్ కూడా వచ్చింది. స్కానర్‌తో చెరిపినా పోని 'పర్మనెంట్ కోడ్స్'ను కూడా చూస్తున్నారు. లోపం నిజంగా సరిచేసి, కారు నడుస్తూ తనను తాను మళ్లీ చెక్ చేసుకుంటేనే అవి పోతాయి. అయితే మెమరీ క్లియర్ చేశాక కారు కనీసం 15 సార్లు వేడెక్కి, 200 మైళ్లు తిరిగి ఉంటే ఆ కోడ్స్‌ను పట్టించుకోరు. అంటే రిపేర్ చేయించిన వెంటనే టెస్ట్‌కు పరిగెత్తకూడదన్నమాట. వారం పది రోజులు మామూలుగా నడిపి వెళ్లడమే బెటర్.

టెస్ట్ కోసం పార్టులు మార్చి, పాస్ అయ్యాక మళ్లీ బిగించే బ్యాచ్ కూడా ఉంది. ఇంకొందరు ఏకంగా వేరే కారుకు కేబుల్ పెట్టించి దొంగ సర్టిఫికెట్ తీసుకుంటారు. ఇలా చేస్తూ దొరికిన స్టేషన్ల లైసెన్సులు పోయాయి, కేసులు కూడా నడిచాయి.

ఇంత స్ట్రిక్ట్ ఎందుకు?

దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1943 జులైలో లాస్ ఏంజెలెస్‌ను దట్టమైన పొగమంచు లాంటిది కమ్మేసింది. జనం కళ్లు మండాయి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న టైమ్ కావడంతో శత్రువులు గ్యాస్ వదిలారేమో అని కూడా భయపడ్డారు. తర్వాత 1950ల మొదట్లో కాల్‌టెక్ శాస్త్రవేత్త ఏరీ హాగెన్-స్మిట్ అసలు విషయం తేల్చారు. కార్ల పొగ, ఎండ కలిసి ఓజోన్‌ను తయారు చేస్తున్నాయని! 1967లో కార్బ్ ఏర్పడింది.

సాఫ్ట్‌వేర్‌పై అనుమానానికి కారణం ఇంకా దగ్గరిది. 2015లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ స్కామ్ గుర్తుందా? టెస్ట్ జరుగుతోందని గుర్తుపట్టి ఆ టైమ్‌లో మాత్రం క్లీన్‌గా నడిచేలా సాఫ్ట్‌వేర్ రాశారు. రోడ్డు మీద కొన్ని కార్లు లిమిట్ కంటే 40 రెట్ల వరకు నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలాయి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1.1 కోట్ల కార్లలో ఆ సాఫ్ట్‌వేర్ ఉందని కంపెనీయే ఒప్పుకుంది. టెస్ట్‌లో కనిపించేది, రోడ్డు మీద జరిగేది వేరు కావొచ్చని అధికారులకు అప్పుడు బాగా అర్థమైంది.

ట్యూనింగ్ షాపులు కూడా తక్కువేం తినలేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో ఒక రిపోర్ట్ ఇచ్చింది. పదేళ్లలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల్లో పొల్యూషన్ పరికరాలు తీసేశారని అందులో అంచనా వేసింది. ఆ ట్రక్కులు వాటి జీవితకాలంలో అదనంగా వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు 5.7 లక్షల టన్నులకు పైనే అని లెక్క కట్టింది. 'నా ఒక్క బండితో గాలి పాడైపోతుందా' అనే ప్రశ్నకు ఇదే జవాబు.

మరి ఓనర్ల వాదన ఏంటి?

కారు ప్రియుల వాదనను కూడా కొట్టిపారేయలేం. వాళ్లు అడిగేది ఒకటే. 'నా కారులో కన్వర్టర్ ఉంది, సెన్సార్లన్నీ పనిచేస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ మాత్రమే మార్చా. కావాలంటే పొగ కొలిచి చూడండి. కొలవకుండానే ఫెయిల్ ఎలా చేస్తారు?'

ఇది నిజంగానే సిస్టమ్‌లో ఉన్న చిక్కు. 2000 తర్వాతి కారు ఓనర్ తన బండి క్లీన్ అని పొగ కొలిపించి నిరూపించుకునే అవకాశం రెగ్యులర్ టెస్ట్‌లో లేదు. అప్రూవల్ తెచ్చుకోవాల్సింది సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. దానికి ల్యాబ్ టెస్టులు, ఖర్చు, టైమ్ పడతాయి. పెద్ద కంపెనీలు, ఎక్కువ అమ్ముడయ్యే మోడల్స్‌కు అది వర్కవుట్ అవుతుంది. చిన్న షాపులకు, తక్కువ మంది నడిపే పాత మోడల్స్‌కు అవదు. దాంతో ఆ కార్ల ఓనర్లకు లీగల్ దారే లేకుండా పోతోంది.

అధికారుల వైపు నుంచి చూస్తే దానికీ సమాధానం ఉంది. కారు ఆగి ఉన్నప్పుడు క్లీన్‌గా ఉన్న ట్యూనింగ్, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. పవర్ కోసం పెట్రోల్ ఎక్కువ పోసే సాఫ్ట్‌వేర్ అసలు రంగు బయటపడేది అప్పుడే. స్టేషన్‌లో కొన్ని నిమిషాల టెస్ట్‌తో అది తేలదు. అందుకే 'ఎంత వదిలింది' అని కాకుండా 'అప్రూవల్ ఉందా' అని అడుగుతున్నారు.

పాత కార్ల గొడవ మాత్రం రాజకీయాల దాకా వెళ్లింది. 35 ఏళ్లు దాటి, కలెక్టర్ కారుగా ఇన్సూరెన్స్ ఉన్న వాటిని స్మాగ్ చెక్ నుంచి మినహాయించాలంటూ 2025లో కాలిఫోర్నియాలో ఎస్‌బీ 712 బిల్లు వచ్చింది. ప్రముఖ కమెడియన్, కార్ల పిచ్చోడిగా పేరున్న జే లెనో మద్దతు ఇవ్వడంతో దానికి 'లెనోస్ లా' అని పేరొచ్చింది. సెనేట్ దాటిన బిల్లు 2025 ఆగస్టులో అసెంబ్లీ అప్రోప్రియేషన్స్ కమిటీలో ఆగిపోయింది. పాస్ అయి ఉన్నా కొత్త ట్యూనింగ్ కార్లకు ఒరిగేదేమీ ఉండేది కాదు.

డాలస్ నుంచి బే ఏరియాకు షిఫ్ట్ అవుతున్నారా?

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే మరో రాష్ట్రం టెక్సస్. అక్కడ 2025 జనవరి 1 నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. దాంతో టెస్టులన్నీ పోయాయని కొందరు అనుకున్నారు. కానీ పొల్యూషన్ టెస్ట్ పోలేదు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హ్యారిస్, ట్రావిస్ లాంటి 17 కౌంటీల్లో అది అలాగే కొనసాగింది.

టెక్సస్‌లో పాస్ అయిన కారు కాలిఫోర్నియాలో కూడా పాస్ అవుతుందన్న గ్యారంటీ లేదు. ఉద్యోగం మారి కారుతో సహా వెళ్తే, అక్కడ మొదటిసారి రిజిస్ట్రేషన్ చేయించేటప్పుడు స్మాగ్ చెక్ అడుగుతారు. ఈవో నంబర్ లేని ఇన్‌టేక్, ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ రోజే దొరికిపోతాయి. మారే ముందే కారును స్టాక్ కండిషన్‌కు తెచ్చుకోవడం మంచిది. ఊడదీసిన ఒరిజినల్ పార్టులు పారేయకుండా దాచుకోవాలని కారు ప్రియులు చెప్పేది ఇందుకే.

మన దగ్గర సంగతేంటి?

ఏపీ, తెలంగాణల్లో మోడిఫైడ్ సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్ల కింద తొక్కించే వీడియోలు తరచూ వైరల్ అవుతుంటాయి. చట్టం కూడా గట్టిదే. కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ(4) ప్రకారం రూల్స్‌కు విరుద్ధంగా చేసిన ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

అయితే మన పొల్యూషన్ సెంటర్‌లో ఇప్పటికీ పైపు పెట్టి పొగను కొలవడమే పద్ధతి. బీఎస్-6 కార్లలోనూ కంప్యూటర్ ఉంది, సాకెట్ ఉంది. కానీ సాఫ్ట్‌వేర్ మార్చారా అని ఎవరూ అడగరు. సౌండ్ చేసే సైలెన్సర్ దొరుకుతుంది, సైలెంట్‌గా మార్చిన సాఫ్ట్‌వేర్ దొరకదు. కాలిఫోర్నియాకు మనకు ఉన్న అసలు తేడా ఇదే.

కొనేముందు ఇవి చెక్ చేయండి

కాలిఫోర్నియాలో సెకండ్ హ్యాండ్ పర్ఫార్మెన్స్ కారు కొంటున్నవాళ్లు ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకుంటే చాలు. స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత చట్టప్రకారం అమ్మేవాళ్లది. ఆ సర్టిఫికెట్ 90 రోజుల్లోపు తీసుకున్నదై ఉండాలి. 4 ఏళ్లలోపు మోడల్స్, కుటుంబ సభ్యుల మధ్య ట్రాన్స్‌ఫర్ లాంటి కొన్ని సందర్భాల్లోనే దీనికి మినహాయింపు.

- 'రేటు తగ్గిస్తా, స్మాగ్ మీరే చేయించుకోండి' అంటే అదే డేంజర్ సిగ్నల్. డబ్బు కట్టకముందే ఆగిపోండి.
- కారు నంబర్‌తో పాత స్మాగ్ టెస్టుల హిస్టరీ బ్యూరో వెబ్‌సైట్‌లో ఫ్రీగా చూడొచ్చు. ఎప్పుడు పాస్ అయింది, ఎప్పుడు ఫెయిల్ అయింది తెలిసిపోతుంది.
- బానెట్ కింద కంపెనీది కాని పార్టు కనిపిస్తే ఈవో నంబర్ అడగండి. ఆ నంబర్ మీ మోడల్‌కు వర్తిస్తుందో లేదో కార్బ్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.
- కారు ట్యూన్ చేశారా, ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించారా అని సూటిగా అడగండి. జవాబును మెసేజ్ రూపంలో తీసుకోండి.
- 4 ఏళ్లలోపు మోడల్ అయినా మెకానిక్‌కు చూపించండి. ఇప్పుడు టెస్ట్ లేదని వదిలేస్తే, టెస్ట్ వచ్చే రోజున ఆ బండి మీ పేరు మీదే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ చెకింగ్ తప్పు కాదు. సాక్షిని కొనేసే వీలున్న టెస్ట్‌కు అర్థం లేదు. కానీ క్లీన్‌గా ట్యూన్ చేసుకున్నవాళ్లకు, కన్వర్టర్ పీకేసినవాళ్లకు ఒకే ఫెయిల్ ముద్ర పడుతోంది. చిన్న షాపులకు కూడా అందుబాటులో ఉండేలా అప్రూవల్ ఖర్చు తగ్గితే, దొంగ సర్టిఫికెట్ల కోసం తిరిగేవాళ్లలో కొందరైనా లీగల్ దారిలోకి వస్తారు. అప్పటిదాకా ఆ సరదాకు బిల్లు కట్టేది మాత్రం.. చివరగా కారు కొన్నవాళ్లే!